వాడకట్టంతా ఒకే రాత్రి పొదగేయాలి: గుడ్డు నుంచి ఎనిమిదో వారం దాకా నాటుకోడి పిల్లల్ని దక్కించుకునే తీరు

పది గుడ్లు పెడితే ఎనిమిది పిల్లలు లేస్తాయి. రెండు నెలలు తిరిగేసరికి తల్లి వెంట మూడో నాలుగో మిగులుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో నాటుకోళ్లు సాదుకునే ఇళ్లలో ఎప్పుడూ వినబడే లెక్క ఇది. గద్ద తన్నుకుపోయిందని, కొక్కెర తెగులు తగిలిందని, చలికి బిగుసుకుపోయిందని ఒక్కో పిల్లకు ఒక్కో కారణం చెప్పుకుంటాం. వీటిలో చాలా వాటిని ముందే ఆపొచ్చు. కాకపోతే ఒక్క ఇంటి కష్టం చాలదు. టీకా మందు చిన్న సీసా తెచ్చినా అందులో 100 పిల్లలకు సరిపడా ఉంటుంది. మన గంప కింద ఉన్నవి ఎనిమిది. ఎనిమిది పిల్లల కోసం ఎవరూ సీసా తేరు, తెచ్చినా మిగిలింది పారబోయాల్సిందే. పోనీ మనం వేయించుకున్నా పక్కింటి పిల్లలకు వేయకపోతే రోగం వాడకట్టులోనే తిరుగుతుంటుంది, ఎందుకంటే అందరి కోళ్లూ గీరుకు తినేది అవే పెంటకుప్పల మీద. అందుకే కోళ్లున్న ఇళ్లన్నీ మాట్లాడుకొని ఒకే వారంలో, వీలైతే ఒకే రాత్రి పొదగేయాలి. పన్నెండు పెట్టలు కూర్చుంటే లేచే పిల్లలు ఇంచుమించు ఒక సీసాకు సరిపోతాయి.

ఏ నెలలో

దసరా వెళ్లాక పొదగేస్తే అన్నీ కలిసొస్తాయి. వానలు తగ్గుతాయి, పెంట మీద పురుగు ఇంకా దొరుకుతుంది, చలి ముదిరేలోపు పిల్లలకు ఈకలు వస్తాయి. కార్తీకంలో లేచిన పుంజులు ఆషాఢం బోనాల నాటికి ఎనిమిది నెలలవి అవుతాయి, మంచి ధర పలుకుతుంది. మాఘం దాకా పొదిగించొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో గుడ్డు పొదగకముందే గది వేడికే పిండం కదలడం మొదలుపెడుతుంది, రాత్రి చల్లబడగానే చచ్చిపోతుంది. అలాంటి గుడ్డును తర్వాత ఎంత మంచి పెట్ట కింద పెట్టినా మురిగిపోతుంది. పైగా ఎండలకు పుంజు బలం కూడా తగ్గి వట్టి గుడ్లు ఎక్కువవుతాయి.

గుడ్ల ఎంపిక

ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. కొత్త పుంజును వదిలి వారం దాటాక పెట్టిన గుడ్లనే పొదుగుకు తీసుకోవాలి. చలికాలంలో ఏడు రోజుల లోపు గుడ్లు పనికొస్తాయి, ఉక్కపోతగా ఉంటే మూడు నాలుగు రోజులవే. నిల్వ ఉంచేది ఇంట్లో చల్లటి మూలన, అడుగున తడి ఇసుక పోసిన మట్టి గోలెంలో. ఇసుక మీద గుడ్డ పరిచి, సన్నని కొస కిందికి ఉండేలా నిలబెట్టాలి. వెడల్పు కొసలో గాలి గది ఉంటుంది, అది పైకే ఉండాలి. గుడ్లను కడగొద్దు. పెంకు మీద సన్నని పొర ఉంటుంది, కడిగితే అది పోయి క్రిములు లోపలికి దిగుతాయి. పేడ అంటుకుంటే పొడి గుడ్డతో తుడవాలి, బాగా మురికైన గుడ్డును కూరకు పంపాలి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, బిర్రు పడ్డవి, పెంకు గరుకుగా ఉన్నవి పక్కకు తీసేయాలి. బిర్రు కంటికి కనబడకపోతే రెండు గుడ్లను మెల్లగా తాకించి వినండి. మంచివి ‘టిక్’మని గట్టిగా మోగుతాయి, బిర్రు పడ్డది బోలుగా మోగుతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకాలు పెరట్లో బాగానే పెరుగుతాయి, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే అవి పొదగవు. ఆ గుడ్లను నాటు పెట్ట కింద పెట్టినా లేచిన పిల్లలు తల్లిదండ్రుల్లా ఎదగవు, అవి సంకరాలు కాబట్టి. ఆ రకాలు కావాలంటే ప్రతిసారీ ఒకరోజు పిల్లలనే తెచ్చుకోవాలి. ఇంట్లో పొదిగించుకోవడానికి నాటుకోళ్లే.

పెట్ట, గూడు

పొదుగుకొచ్చిన పెట్ట గుడ్లు ఆపేసి గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకొని కొర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. అందరి పెట్టలూ ఒకే రోజు పొదుగుకు రావు కదా అన్న అనుమానం వస్తుంది. ముందొచ్చిన దాని కింద రెండు మూడు పనికిరాని గుడ్లు పెట్టి వారం దాకా ఆపొచ్చు. ఆ వారమే దాని నిలకడకు పరీక్ష కూడా. మాటిమాటికీ లేచిపోయే పెట్టకు మంచి గుడ్లు ఇవ్వొద్దు.

కూర్చోబెట్టే ముందు పెట్ట రెక్కల కిందా, తోక మొదట్లోనూ ఈకలు విడదీసి చూడాలి. ఈక మొదళ్ల దగ్గర తెల్లటి గుత్తులు కనబడితే పేలు పెట్టిన ఈపులు. మూడు వారాలు కదలకుండా కూర్చునే కోడిని పేలు పీల్చి పిప్పి చేస్తాయి. పొదుగు మధ్యలో కోడి గుడ్లు వదిలేసి లేచిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. మెత్తటి మట్టి, జల్లించిన బూడిద సగం సగం కలిపి తట్టెడు పోసి ఉంచితే కోడే అందులో పొర్లుతుంది. పత్తికి కొట్టే మందును కోడికి పూయడం కొన్నిచోట్ల జరుగుతోంది, అది కోడినీ చంపుతుంది, పెంకులోంచి దిగి పిల్లనూ చంపుతుంది.

గూడుకు వెదురు గంప గానీ వెడల్పాటి పగిలిన గోలెం అడుగు గానీ చాలు. అడుగున రెండు మూడు అంగుళాల మందాన మెత్తటి మట్టి లేదా ఇసుక పోసి మధ్యలో కొద్దిగా గుంట చేయాలి. పైన వేపాకు, సీతాఫలం ఆకు కొంచెం పరిచి, నలిపిన వరిగడ్డి వేయాలి. గుంట మరీ లోతుగా ఉంటే గుడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చదునుగా ఉంటే అంచుకు దొర్లి చల్లబడతాయి. గూడు పెట్టే చోటు చీకటిగా, కుక్క, పిల్లి, ముంగిస చొరబడకుండా, వాన జల్లు తగలకుండా ఉండాలి. ఉరుములకు గుడ్లు చెడతాయని గూట్లో ఇనుప ముక్క, బొగ్గు పెట్టడం మన పల్లెల్లో అలవాటు. పెట్టినా నష్టం లేదు గానీ, ఉరుములొచ్చిన రాత్రి గుడ్లను చెడగొట్టేది వాన తడి, బెదిరి కోడి లేచిపోవడం. ఆ రెండింటికీ అడ్డం కట్టాలి.

పొద్దుగూకినంక గుడ్లు పెట్టాలి. మామూలు పెట్టకు 10 నుంచి 12, గట్టి చలిలో 9 చాలు. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో ఇంటికో రకం గీత గీయండి. పగలు వేరే పెట్టలు అదే గూట్లో దూరి గుడ్లు పెట్టిపోతాయి. గీత లేని గుడ్డు కనబడితే ఆ రోజే తీసేయాలి, లేకపోతే 21వ రోజు పిల్లలతో తల్లి లేచిపోతుంది, వెనక పెట్టిన గుడ్లు సగం పిండంతో చస్తాయి.

కోడి రోజుకు ఒకసారి లేచి 15, 20 నిమిషాల్లో తిని, తాగి, రెట్ట వేసి తిరిగొస్తుంది. ఆ పూట దానికి జొన్నలో మక్కలో గింజల్లాగే పెట్టండి. తవుడు ముద్ద, పచ్చి కూరాకు పెడితే రెట్ట పలచబడి గూడు పాడవుతుంది. లేవని కోడిని రోజూ మనమే ఎత్తి దించాలి, ఎత్తేటప్పుడు రెక్కల కింద ఇరుక్కున్న గుడ్లు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఏడో రాత్రి చూడాల్సింది

ఒక అట్టముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, చీకట్లో ఫోన్ టార్చి మీద పెట్టి, గుడ్డు వెడల్పు కొసను ఆ రంధ్రానికి ఆనించండి. మంచి గుడ్డులో చిన్న నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు పాకి కనబడతాయి. చెయ్యి కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఉలిక్కిపడ్డట్టు కదలడం కూడా తెలుస్తుంది. ఏమీ లేకుండా లేత పసుపు వెలుగు నిండితే వట్టి గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం ఒక్కటే కనబడితే పిండం మధ్యలో చచ్చింది. ఈ రెండు రకాలూ తీసేయాలి. మురిగిన గుడ్డు గూట్లో పగిలితే ఆ కుళ్లు మిగతా వాటికి అంటుతుంది.

ఒకే రాత్రి పొదగేసినందుకు మొదటి లాభం ఇక్కడ తెలుస్తుంది. ఒక పెట్ట కింద ఏడు మంచివి, పక్కింటి పెట్ట కింద అయిదు మంచివి మిగిలితే పన్నెండూ ఒకదాని కిందికి చేర్చి, రెండో పెట్టను కొత్త గుడ్లకు వాడుకోవచ్చు. ఎవరి గుడ్డు ఎవరిదో పెన్సిల్ గుర్తు చెబుతుంది, పంపకంలో పేచీ ఉండదు.

14వ రాత్రి మరోసారి చూడొచ్చు. గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉంటే సరి. 18వ రోజు నుంచి గుడ్లను ముట్టుకోవద్దు, పిల్ల పొడిచే వైపు తిరిగి సర్దుకుంటుంది. మన ప్రాంతపు పొడి గాలికి ఆ చివరి మూడు రోజులు గూడు ఎండిపోతుంది. లోపలి పొర తోలులా బిగుసుకొని పిల్ల అంటుకుపోవడానికి కారణం అదే. గంప అడుగున ఉన్న ఇసుకకు పక్కనుంచి రోజూ గుక్కెడు గోరువెచ్చటి నీళ్లు పోస్తే చాలు, గుడ్లు తడవకూడదు. పెంకు పగిలిన పిల్ల బయటికి రావడానికి 24 గంటలు కూడా పట్టొచ్చు. తొందరపడి వలిచారంటే నరాలు తెగి నెత్తురు కారుతుంది, పచ్చసొన పూర్తిగా కడుపులోకి పోని పిల్ల బతకదు.

మొదటి నాలుగు వారాలు

పుట్టిన పిల్ల కడుపులో సొన ఉంటుంది, ఒక రోజు మేత లేకపోయినా ఫర్వాలేదు. ఒళ్లు ఆరేదాకా తల్లి కిందే ఉంచి, మొదట లీటరు నీటికి రెండు చెంచాల బెల్లం కలిపి తాగించాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు పరవండి, లేకపోతే పిల్లలు అందులో పడి తడిసి చలికి పోతాయి. మొదటి పూట సన్న నూకలు, తర్వాత పిల్లల దాణా.

కొన్న స్టార్టర్ దాణా మేలు. ఇంట్లో కలుపుకోవాలంటే 10 కిలోలకు మక్క పిండి 5 కిలోలు, పల్లి చెక్క పొడి 2.5 కిలోలు, సన్న నూకలు 1 కిలో, ఎండు చేపల పొడి 750 గ్రాములు, తవుడు 500 గ్రాములు, ఖనిజ లవణాల మిశ్రమం 250 గ్రాములు. మాంసకృత్తులు సుమారు 20 శాతం వస్తాయి. ఇందులో రెండు చోట్ల ప్రమాదం ఉంది. మనం కూరకు కొనే ఉప్పు చేపలు వాడితే ఆ ఉప్పుకే పిల్లలు చస్తాయి, ఉప్పు పట్టించనివే కావాలి. ఇక పల్లి చెక్క. పాలమూరు వైపు పల్లి పంట ఎక్కువ కాబట్టి చెక్క సులువుగా దొరుకుతుంది, అయితే తడి తగిలిన చెక్కకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎండబెట్టినా, వేయించినా అది పోదు. విరిచి చూస్తే లోపల పచ్చటి, నల్లటి చారలున్నా, ముక్క వాసన వచ్చినా ఆ చెక్కను కోళ్లకు పెట్టొద్దు, బర్రెకూ పెట్టొద్దు.

పిల్లకు మొదటి వారం రోజుకు 10 గ్రాముల లోపే దాణా, నాలుగో వారానికి 25, 30 గ్రాములు, ఎనిమిదో వారానికి 50 గ్రాముల దాకా. తల్లి పక్కనుంటే ఇదంతా అదే తినేస్తుంది. గంప బోర్లించి నాలుగు వైపులా రాళ్లు పెట్టి రెండు అంగుళాలు పైకి లేపండి, దాణా లోపల పెట్టండి. పిల్లలు దూరి తింటాయి, తల్లి బయట గింజలు తింటుంది. వారాలు గడిచేకొద్దీ రాళ్లు ఎత్తు పెంచుతూ పోవాలి.

మూడు వారాలు తల్లీపిల్లల్ని పొద్దంతా ఇష్టం వచ్చినట్టు వదలొద్దు. గద్దకు, కాకికి దొరికేవి ఎక్కువగా ఈ వయసు పిల్లలే. తాటికమ్మల నీడ ఉన్న జాలీ దొడ్లో ఉంచి, సాయంత్రం గంటసేపు మనిషి కావలితో వదిలితే చాలు. రాత్రి గూటికి నేల మీది సందులన్నీ మూయాలి. ముంగిస దూరడానికి రెండు అంగుళాల సందు చాలు, ఒక్క రాత్రిలో గంప ఖాళీ చేస్తుంది.

తల్లి లేకుండా ఒకరోజు పిల్లలు తెచ్చుకున్నవాళ్లు బల్బు కింద సాదాలి. పిల్లకు 2 వాట్ల లెక్కన 50 పిల్లలకు 100 వాట్లు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు, పాత తీగ బల్బు గానీ ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ వెతికి తేవాలి. చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టతో గుండ్రంగా కట్టండి. మూలలుంటే భయపడ్డప్పుడు అన్నీ అక్కడికే పోయి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. కింద రెండు అంగుళాల వడ్ల ఊక, మొదటి మూడు రోజులు దాని మీద పాత పేపరు, లేదంటే ఊకనే మేతనుకొని తింటాయి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడి కీచుమంటే చలి, అట్టకు అతుక్కుని నోరు తెరిస్తే వేడి, చెల్లాచెదురుగా తిరుగుతూ తింటుంటే సరిపోయింది. కరెంటు పోయే రాత్రులకు వేడినీళ్ల సీసాలను గోనెగుడ్డలో చుట్టి మధ్యలో పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే పొగకు అన్నీ పోతాయి, మనుషులకూ అపాయమే.

తల్లితో పెరిగే పిల్లల్ని నాలుగో వారం నిండాక వేరు చేయాలి. మూడు నెలలు వెంట తిప్పుకుంటే పెట్ట ఏడాదికి మూడు విడతలకు మించి గుడ్లు పెట్టదు. త్వరగా వేరుచేస్తే కొన్ని వారాల్లో మళ్లీ గుడ్లకొస్తుంది.

టీకాల రోజులు

ఏడో రోజు లసోటా అనే కొక్కెర టీకా, కంట్లో ఒక చుక్క. 14వ రోజు గంబోరో రోగానికి టీకా, అదీ చుక్కే. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరో వారం కోడి అమ్మోరుకు రెక్క పొరలో సూదితో. ఎనిమిదో వారం దాటాక ఆర్‌టూబీ, అదీ కొక్కెర టీకానే, రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు, తర్వాత ఆరు నెలలకోసారి. ఈ వరుస తప్పొద్దు. ఆర్‌టూబీ ఘాటైన టీకా. ముందు లసోటా పడని చిన్న పిల్లలకు వేస్తే మెడలు తిరిగి, కాళ్లు పడిపోయి, కాపాడాల్సిన మందే చంపుతుంది. గుడ్లకొచ్చిన పెట్టకు వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి కాబట్టి మొదటిసారిది గుడ్లకు రాకముందే ముగించాలి.

టీకా వేసినా రోగం వచ్చిందని చాలామంది అంటారు. దాదాపు ఎప్పుడూ తప్పు జరిగేది దారిలోనే. ఇవి బతికున్న క్రిములతో చేసిన టీకాలు. దవాఖాన నుంచి సీసాను చొక్కా జేబులో పెట్టుకొని బండి మీద వస్తే ఇంటికొచ్చేసరికి అది వట్టి నీళ్లే. ఐసు వేసిన థర్మాస్‌లో తేవాలి. దాంతో ఇచ్చిన ద్రావకాన్నీ చల్లబరిచి, పొద్దున్నే అందరి పిల్లలనూ ఒకే ఇంటి దగ్గర గంపల కింద చేర్చాకే సీసా తెరవాలి. కలిపాక గంటన్నరలో అయిపోవాలి. ఒకరు పిల్లను పట్టి తల పక్కకు తిప్పితే, ఇంకొకరు కంటిమీద చుక్క వేసి, అది రెప్ప ఆడించి లోపలికి లాక్కునేదాకా ఆగాలి. చుక్క జారిపోతే మళ్లీ వేయాలి. నీరసంగా ఉన్న పిల్లకు ఆ రోజు వేయొద్దు. ఖాళీ సీసాను పెంట మీద పారేయకుండా ఉడికించి పాతిపెట్టాలి.

ఎప్పుడైనా టీకాను తాగే నీళ్లలో కలపాల్సి వస్తే నల్లా నీళ్లు వాడొద్దు. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మనకు మంచిదే, టీకా క్రిమిని మాత్రం చంపేస్తుంది. బోరు నీళ్లు తీసుకొని లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, తర్వాత టీకా వేయాలి. అమ్మోరు టీకా పట్టిందో లేదో వారం, పది రోజులకు రెక్క తిప్పి చూడండి. పొడిచిన చోట చిన్న పొక్కు కట్టి ఉంటే పట్టినట్టు.

రోగం కనబడితే

కొక్కెరలో పిల్ల మెడ చాచి నోటితో గాలి పీలుస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, కొన్నింటికి మెడ వెనక్కి తిరుగుతుంది. దీనికి మందు లేదు. బతికున్న వాటిని విడదీయడం, చచ్చినవాటిని మూడు నాలుగు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చడం, ఇంటింటికీ చెప్పడం, అంతే. దాచిపెట్టి అంగడికి తోలితే ఇంకో పది ఊళ్లకు పాకుతుంది. అంగడిలో కొన్న కోడిని కూడా మూడు వారాలు విడిగా కట్టేశాకే మందలో కలపాలి.

మూడు నుంచి ఆరు వారాల వయసులో రెట్టలో నెత్తురు పడితే అది కాక్సిడియోసిస్. నీళ్ల పళ్లెం చుట్టూ ఊక తడిసిన చోటే ఇది పుడుతుంది. పశువుల డాక్టరును అడిగి ఆంప్రోలియం తెచ్చి నీళ్లలో ఇవ్వాలి, తడి ఊకను ఎత్తి పారేయాలి. ఊకను చేత్తో పిడికిలి పట్టి వదిలితే ముద్దలా ఉండకూడదు, రాలిపోవాలి. ఒళ్లు వేడిగా ఉండీ తల్లి తురాయి పాలిపోతుంటే రాత్రి టార్చి పట్టుకొని గూటి కర్రల సందులు, గోడ పగుళ్లు చూడండి. పగలు దాక్కొని రాత్రి నెత్తురు తాగే పిడుదులు అక్కడే ఉంటాయి. పగుళ్లు మట్టితో పూడ్చి సున్నం కొట్టాలి.

నాట్ల రోజుల్లో వరి మడిలో గుళికలు చల్లినప్పుడు, విత్తనశుద్ధి చేసిన రంగు గింజలు చేలో పడ్డప్పుడు కోళ్లను వదలొద్దు. ఎవరి పొలంలో ఏ రోజు మందు పడుతుందో ముందు రోజు సాయంత్రమే వాడకట్టులో చెప్పుకుంటే ఈ చావులు చాలావరకు ఆగుతాయి. రోగ లక్షణమేమీ లేకుండా ఒక్కసారిగా కోళ్ల మంద మొత్తం చస్తుంటే మాత్రం కోసి చూడొద్దు, వండుకోవద్దు, చేతితో ముట్టుకోవద్దు. బర్డ్ ఫ్లూ కావొచ్చు. 1962కు ఫోన్ చేసి పశువుల దవాఖాన వాళ్లు వచ్చేదాకా అక్కడి కోళ్లను, గంపలను కదపకండి.

పొదగేసిన రాత్రి తేదీని అందరిళ్లలో క్యాలెండరు మీద రాసుకోండి. దానికి 21 కలిపితే పిల్లలు లేచే రోజు, అక్కడి నుంచి 7, 14, 28, 42, 60 రోజులకు టీకా గుర్తులు. ఆర్‌టూబీకి వారం ముందు నట్టల మందు తాగించే రోజునూ గుర్తు పెట్టుకోవాలి. ప్రతి టీకా రోజుకూ సీసా తెచ్చే ఇల్లు ఏదో, ఐసు ఎవరి ఫ్రిజ్‌లోంచి వస్తుందో ఆ తేదీ పక్కనే రాస్తే ఆ రోజు వెతుక్కోవాల్సిన పని ఉండదు.